అప్‌డేట్: కీమో అయిపోయి ఏడాది దాటినా తగ్గని నీరసం, కారణం దొరికింది

హాజ్‌కిన్ లింఫోమాకి (లింఫు గ్రంథుల క్యాన్సర్) కీమో, మెడకి రేడియేషన్ అయ్యి ఏడాది దాటినా మెట్లెక్కితే కూర్చుండిపోతున్నానని, 24 ఏళ్లకే ఇలా ఏంటని రెండు నెలల క్రితం ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"థైరాయిడ్ చూపించుకో" అన్నవాళ్లదే కరెక్ట్. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ వచ్చింది, అంటే థైరాయిడ్ గ్రంథి సరిపడా పనిచేయట్లేదని. మెడకి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఇది ఏళ్ల తర్వాత కూడా రావచ్చట, అందుకే ప్రతి ఏడాదీ టెస్ట్ చేయించుకోమన్నారు. లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) రాశారు. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుని, కాఫీకి అరగంట పైనే ఆగాలి. (నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే.) ఆరు వారాలకి మళ్లీ టెస్ట్ చేస్తే నంబర్ దిగింది. నిన్న మూడంతస్తులు ఆగకుండా ఎక్కాను.

జబ్బు తిరగబెట్టిందేమోనని పడ్డ టెన్షన్ అనవసరం, స్కాన్ క్లియర్. ఐరన్ మాత్రలూ దండగే, హిమోగ్లోబిన్ మామూలుగానే ఉంది. పైగా ఐరన్‌కీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలట.

ఇంకోటి. హాస్పిటల్ సోషల్ వర్కర్‌ని అడగమని ఒకరు రాశారు. మొహమాటపడుతూనే అడిగాను. నా వయసు క్యాన్సర్ పేషెంట్ల గ్రూప్‌లో చేర్పించారు. మొదటి రోజే ఒకమ్మాయి "ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే ఏం చెప్తున్నారు?" అంది. గంటసేపు అదే మాట్లాడుకున్నాం. ఇంట్లోవాళ్లతో ఆ మాట ఒక్కసారి కూడా అనలేకపోయాను. నీరసం పూర్తిగా పోలేదు, కానీ వచ్చే వారం సగం పూట ఉద్యోగంలో చేరుతున్నాను.