బ్యాంకు డ్యూటీ అయిపోయాక డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంట్లో ఉంచుకోవాలా?

కడప కోడలు:
మా మామయ్య ఆర్మీలో 17 ఏళ్లు చేసి వచ్చి బ్యాంకులో గార్డుగా చేరారు. ఆ పని కోసమే పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ కొన్నారు. పోయినేడాది మానేశారు, తుపాకీ మాత్రం పాత లుంగీలో చుట్టి బీరువా వెనక అట్లే ఉంది. మొన్న మా ఆరేళ్లోడు హార్లిక్స్ సీసాలోంచి ఎర్ర తూటా తీసుకొచ్చి "తాతా, ఇది టపాకాయా?" అన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంట్లో వద్దంటే తప్పా?

కర్నూలు హవల్దార్:
తప్పేనమ్మా. లైసెన్స్ కలెక్టర్ ఇచ్చారు, ఆయుధం మాకేం కొత్త కాదు. రేపు మళ్లీ గార్డు పని పడితే సొంత తుపాకీ ఉన్నోడినే ముందు పిలుస్తారు. ఒకసారి వదులుకుంటే మళ్లీ ఎన్నిసార్లు తిరగాలో!

అనంతపురం సుబేదార్:
అన్నా, లైసెన్స్ వదులుకొమ్మని ఆ బిడ్డ అనలేదే. సర్వీసులో డ్యూటీ దిగితే మన రైఫిల్ ఎక్కడికి పోయేది? కోత్‌కి, అదే ఆయుధాలు జమ చేసే గదికి. ఖాళీ చేసి చూపించి, నంబరు సరిచూసి, సంతకం పెట్టి జమ చేశాకే అన్నానికి పోయేవాళ్లం. ఆయుధం తెలిసిన జవాన్లకే అంత కట్టుదిట్టం ఉంటే, పిల్లలు తిరిగే ఇంట్లో లుంగీ చుట్టి పెట్టడం ఏం పద్ధతి? 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చినాక నేను నా తుపాకీ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేశాను, జూన్ దాకా నా ఇంటికి ఏమీ కాలేదు.

ఇంకోటి, మనోళ్లు బయటికి చెప్పరు. పని పోయి, నిద్ర పట్టక, ఎవరితో మాట్లాడక కూర్చున్న మనిషికి చేతికందే దూరంలో తుపాకీ ఉండకూడదు. ఆ ఒక్క రాత్రి గడిస్తే మనిషి మనకు దక్కుతాడు. 14416కి, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మా, నువ్వు గానీ మీ ఆయన గానీ దాన్ని మోసుకుపోవద్దు, లైసెన్స్ ఎవరి పేరున ఉందో వాళ్లే తీసుకుపోవాలి. స్టేషన్‌లోనో లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోమను. గడువు కూడా చూడమను. 2019 సవరణ తర్వాత లైసెన్స్ అయిదేళ్లకు ఇస్తున్నారు, అది దాటితే ఇంట్లో పెట్టుకోవడమే నేరం. డిపాజిట్ చేసేదాకా తూటాలు వేరే గదిలో తాళం వేసి, తాళంచెవి మీ మామయ్య దగ్గరే ఉండాలి.

కర్నూలు హవల్దార్:
డిపాజిట్ చేస్తే లైసెన్స్ పోదంటే నాకు అభ్యంతరం లేదు. రెన్యువల్ మాత్రం మరవొద్దు తల్లీ.

కడప కోడలు:
కోత్ గురించి మీరు రాసింది మామయ్యకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సీసా తెమ్మని, తూటాలు మంచం మీద పోసి రెండుసార్లు లెక్కపెట్టారు. పదకొండు. సోమవారం డీలర్ దగ్గరికి పోతామన్నారు.