బడిలో గ్రంథాలయ వారోత్సవాలు: పోటీలు కాకుండా ఏం చేయాలి?

పలకాబలపం అడిగారు:

మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా 58 మంది పిల్లలు, టీచర్లం ఇద్దరం. కథల పుస్తకాలు 240 ఉన్నాయి, అన్నీ బీరువాలోనే. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలంటే వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, ఆఖరి రోజు బహుమతులు. ప్రతిసారీ అవే నాలుగైదు పేర్లు. 21న బీరువాకు మళ్లీ తాళం. మిగతా పిల్లలు ఆ వారంలో ఒక్క పుస్తకమైనా ముట్టుకోరు.

ఈసారి పుస్తకమంటే ఇష్టం కలిగేలా చేయాలని ఉంది. ఖర్చు రెండు వేలు దాటకూడదు. మధ్యాహ్న భోజనం తర్వాత రోజూ ఒక గంట కేటాయించగలం. మూడో తరగతిలో కూడా సగం మంది ఒత్తుల దగ్గర ఆగిపోతారు. ఏం చేయాలి, ఏ వరసలో? పుస్తకాలు పోతే లెక్క ఎవరు చెప్పాలన్న భయం కూడా ఉంది.

కథల అరుగు:

ముందు పోటీలన్నీ తీసేయండి. ముఖ్యంగా "ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతి" అనేది అసలు వద్దు. రెండో రోజుకల్లా పిల్లలు పలచటి పుస్తకాలు ఏరుకుని, పేజీలు తిప్పేసి "అయిపోయింది టీచర్" అంటారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలు, తర్వాత తమంతట తాము గీయడం తగ్గించేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. అది బొమ్మల సంగతే అయినా, చదువుకూ అదే వర్తిస్తుందని నా నమ్మకం.

వారమంతటికీ ఒక్కటే కొలత పెట్టుకోండి: బడి వదిలేసరికి ప్రతి పిల్ల సంచిలో ఒక పుస్తకం ఇంటికి వెళ్లాలి. ఆ గంటలో 20 నిమిషాలు చదివి వినిపించడం, 25 నిమిషాలు పిల్లలు తమకు నచ్చినది తిరగేసుకోవడం, 15 నిమిషాలు పుస్తకం రాయించుకుని తీసుకోవడం. ముఖ్య అతిథి, మైకు, ఉపన్యాసాలు తప్పనిసరైతే వాటిని ఉదయం ప్రార్థనలోనే ముగించండి. మధ్యాహ్నం గంటలోకి రానిస్తే పిల్లలకు ఐదు నిమిషాలు కూడా మిగలవు.

చదివి వినిపించడం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే వారం నిలబడేదీ పడిపోయేదీ దీనిమీదే. 58 మందినీ ఒకచోట కూర్చోబెడితే వెనక వరసకు బొమ్మ కనబడదు. ఒకటి, రెండు తరగతులు ఒక టీచరు దగ్గర, మిగతావాళ్లు ఇంకొకరి దగ్గర. నేల మీద అర్ధచంద్రాకారంలో, మూడు వరసలకు మించకుండా కూర్చోబెట్టండి. కిటికీ మీ వెనక ఉంటే పేజీ మీద నీడ పడుతుంది, అందుకని కిటికీ పిల్లల వెనక ఉండాలి. పుస్తకాన్ని ఛాతీ ముందు పెట్టుకోకుండా భుజం పక్కకు తెచ్చి, అడుగు అంచు దగ్గర పట్టుకోండి. చెయ్యి బొమ్మకు అడ్డం రాదు, మీకూ అక్షరాలు కనబడతాయి. ముందురోజే రెండుసార్లు పైకి చదివి చూసుకోండి. తరగతిలో తడబడితే పిల్లల చూపు వెంటనే పక్కకు పోతుంది.

16 పేజీల బొమ్మల కథ చదవడానికి ఆరేడు నిమిషాలు చాలు. మధ్యలో రెండుచోట్ల మాత్రమే ఆగి "ఇప్పుడేమవుతుందో?" అనండి, జవాబు తప్పని చెప్పకండి. పేజీ పేజీకీ ఆగితే కథ తెగిపోతుంది. చివర్లో "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగవద్దు. ఆ ఒక్క ప్రశ్నతో కథ పాఠమైపోతుంది. అయిపోయాక పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెట్టి వదిలేయండి, పిల్లలే వచ్చి మూగుతారు. మర్నాడు అదే కథ మళ్లీ చదవమంటే చదవండి. రెండోసారి పల్లవిలా వచ్చే వాక్యాలను వాళ్లే అందుకుంటారు. చదవడం రాని పిల్లకు చదువుతున్నానన్న ధీమా మొదట వచ్చేది అక్కడే.

ఇక పుస్తకాలు కనబడాలి. బీరువాలో వీపు తిప్పి నిలబెట్టిన 24 పేజీల పుస్తకానికి పేరు రాసేంత వీపు కూడా ఉండదు, చిన్నపిల్లలు దాన్ని ఎంచుకోలేరు. గోడకు రెండు మీటర్లకో మేకు కొట్టి, ఒకటో తరగతి పిల్ల చెయ్యి అందే ఎత్తులో, అంటే మూడడుగుల దగ్గర తాడు కట్టండి. నైలాను తాడు బరువుకు సాగి వేలాడుతుంది, ప్లాస్టిక్ తొడుగున్న బట్టల తీగ నయం. పిన్నులు కొట్టిన పలచటి పుస్తకాలను మధ్య పేజీ దగ్గర తెరిచి తీగ మీద వేస్తే చాలు. క్లిప్పు పెడితే అట్ట మీద గాటు పడుతుంది. మీటరుకు నాలుగు పుస్తకాలు, ఒకసారికి నలభై చాలు, పిల్లలు తీసుకున్నచోట బీరువాలోంచి ఇంకొకటి వేయండి. 240 ఒకేసారి పరిస్తే ఏది తీయాలో తోచక పిల్లలు తికమకపడతారు. రోజూ పది మార్చండి. పడమటి వరండాలో మాత్రం కట్టకండి, సాయంత్రపు ఎండకు అట్టలు వెలిసిపోతాయి.

ఒత్తుల సంగతి: పుస్తకాలను తరగతిని బట్టి వేరు చేయకండి. అట్ట మూల రంగు చుక్క అంటించండి. ఒత్తులు దాదాపు లేనివాటికి పచ్చ, పేజీకి రెండు మూడు ఒత్తు పదాలుంటే పసుపు, ఆపైన ఎరుపు. ఏ పిల్ల ఏ రంగైనా తీసుకోవచ్చు. నాలుగో తరగతి పిల్లవాడు పచ్చ చుక్క తీస్తే "చిన్నపిల్లల పుస్తకమా?" అని ఎవరైనా అన్నారా, ఇక వాడు తీగ దగ్గరికి రాడు.

తాళంచెవి:

పోతాయన్న భయానికి జవాబు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనల్లో (2017) 215వది చూడండి. ఏడాదిలో చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే, దాన్ని సహజ నష్టంగా తీసుకోవచ్చు. వెయ్యి రూపాయలు మించిన పుస్తకానికి, అరుదైన పుస్తకానికి మాత్రం విచారణ తప్పదు. పిల్లల కథల పుస్తకాలకు ఆ ధర ఎక్కడిది? ఈ లెక్క బీరువాలో ఉన్న పుస్తకాల మీద కాదు, ఇచ్చిన సార్ల మీద. 58 మందికి వారానికి ఒకటి చొప్పున 30 వారాలు ఇస్తే 1,740 సార్లు ఇచ్చినట్టు. ఎనిమిది పుస్తకాల దాకా ఈ లెక్కలోకి వస్తాయి. ఆ నిబంధన రాష్ట్ర బడులకు నేరుగా వర్తించదు. కానీ ఎస్ఎంసీ (పాఠశాల యాజమాన్య కమిటీ) సమావేశంలో దాన్ని ఆధారంగా చూపి, పోయినవి, చిరిగినవి స్టాకు రిజిస్టరులోంచి ఎలా తీసేయాలో తీర్మానం రాయించుకోండి. సంతకాలు వారోత్సవాలకు ముందే కావాలి, పుస్తకం పోయాక కాదు. హెచ్‌ఎం మారి ఛార్జి అప్పగించేటప్పుడు ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

రిజిస్టరుకు 200 పేజీల లాంగ్ నోటుబుక్కు చాలు. పిల్లకో పేజీ, మూడే గళ్లు: తీసుకున్న తేదీ, పుస్తకం నంబరు, తిరిగిచ్చిన తేదీ. పుస్తకం పేరు రాయించకండి, చిన్న తరగతులవాళ్లకు దానికే రెండు నిమిషాలు పడుతుంది. నంబరు ఒక్కటే అయితే అర నిమిషం. రెండు బల్లలు వేసి, ఒక్కోదాని దగ్గర ఇద్దరు ఐదో తరగతి పిల్లలను కూర్చోబెడితే 58 మందికీ పావుగంటలో అయిపోతుంది. ఆ నలుగురినీ వారం వారం మార్చండి.

జరిమానా పెట్టకండి. ఒక్క పిల్ల పది రూపాయలు కట్టిందని తెలిస్తే ఆ వీధిలో ఇంకే ఇంట్లోనూ పుస్తకం తేనివ్వరు. చిరిగితే చెప్పమనండి, దాచవద్దనండి. సెల్లోటేపు ఏడాది తిరిగేసరికి పసుపెక్కి, జిగురు కారి పక్క పేజీకి అంటుకుంటుంది. సెంటీమీటరు వెడల్పు పలచటి కాగితం పట్టీని నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించి, పేజీల మధ్య ప్లాస్టిక్ కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచండి. పుస్తకాలు ఎక్కువగా పాడయ్యేది సంచిలో టిఫిన్ డబ్బా నూనెకూ, వానకూ. చీరల దుకాణంలో ఇచ్చే జిప్పు కవర్లు ఊళ్లో అడిగితే వందైనా వస్తాయి, పిల్లకొకటి ఇవ్వండి.

పలకాబలపం:

ఇద్దరికీ ధన్యవాదాలండి. తీర్మానం సంగతి తెలియక ఇన్నాళ్లూ తాళం వేసుకున్నాం. ఇంకొక్క సందేహం. చాలా ఇళ్లలో తల్లిదండ్రులకు చదవడం రాదు. పుస్తకం ఇంటికి వెళ్లినా చదివి చెప్పేవాళ్లు లేరు. వాళ్లను వారోత్సవాల్లోకి ఎలా తేవాలి?

అవ్వ చెప్పిన కథ:

చదవడం రానివాళ్లకు కథ చెప్పడం వచ్చు. వారంలో నాలుగో రోజు మొత్తం వాళ్లకివ్వండి. ఊళ్లో కథ బాగా చెప్పే అవ్వనో తాతనో ముగ్గురిని ముందే కలిసి అడగండి. ఆహ్వానపత్రిక పంపితే రారు, ఇంటికెళ్లి పిలవాలి. ఒక్కొక్కరి చుట్టూ ఇరవై మంది పిల్లలు, చెట్టు కింద, మైకు లేకుండా. మైకు చేతికిస్తే గొంతు బిగుసుకుపోతుంది, కథ ఉపన్యాసమవుతుంది. మీ ఊరి యాసను దిద్దకండి.

మర్నాడు పిల్లలు ఆ కథనే పుస్తకం చేస్తారు. ఏ3 కాగితం ఒకటి తీసుకుని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్లు పడతాయి. విప్పి, పొట్టి అంచులు కలిసేలా ఒక్కసారి మడవండి. మడత ఉన్న వైపు నుంచి, నడిమి గీత వెంట, అడ్డగీత తగిలేదాకా మాత్రమే కత్తిరించండి. దాటితే కాగితం రెండు ముక్కలవుతుంది. తెరిచి ఉన్న అంచు నుంచి మొదలుపెడితే పుస్తకం మడత పడదు. ప్రతి జట్టులోనూ ఒకరు చేసే పొరపాటు ఇదే, అందుకని పాత పేపరు మీద ఒకసారి చేయించాకే అసలు కాగితం ఇవ్వండి. తర్వాత కాగితం విప్పి, నిలువునా మడిచి, రెండు చివర్లూ లోపలికి నెడితే చీలిక తెరుచుకుని పుస్తకంగా ముడుచుకుంటుంది. పేజీ నంబర్లు మడిచాకే వేయాలి, లేకపోతే సగం పేజీలు తలకిందులవుతాయి. నలుగురికో పుస్తకం: ఇద్దరు రాయడం, ఇద్దరు బొమ్మలు. రాయడం రాకపోతే బొమ్మలే చాలు. అట్ట మీద కథ చెప్పిన అవ్వ పేరు ఉండాలి.

ఆ పుస్తకాలకు కూడా స్టాకు రిజిస్టరులో నంబరు వేసి, తీగ మీద వేయండి. మొదట ఖాళీ అయ్యేవి అవే. పైగా కథ ముందే తెలుసు కాబట్టి ఒత్తు దగ్గర ఆగే పిల్ల ఆ పదాన్ని ఊహించి దాటేస్తుంది. తర్వాత వేరే పుస్తకంలో ఆ ఒత్తు మళ్లీ కనబడితే గుర్తుపడుతుంది.

మడతకాగితం:

పచ్చ చుక్క పుస్తకాలు మీ దగ్గర తక్కువగా ఉండొచ్చు, చాలా బడుల్లో అంతే. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, మొదటి స్థాయివి తీసుకోండి. ఏ4 మీద బుక్‌లెట్ పద్ధతిలో రెండువైపులా ప్రింటు తీస్తే నాలుగు కాగితాల్లో 16 పేజీల పుస్తకం వస్తుంది. ప్రింటు షాపులో "పొట్టి అంచు మీద తిప్పు" అని చెప్పండి, మరిస్తే వెనకవైపు తలకిందులుగా పడుతుంది. అక్షరం కూడా 70 శాతానికి తగ్గుతుంది కాబట్టి తెర మీద పెద్దగా కనిపించే కథలే ఎంచుకోండి. పేర్లు, లైసెన్సు ఉన్న ఆఖరి పేజీలు తీసేయకూడదు. ఉచితంగా ప్రింటు తీసుకునే హక్కు ఆ షరతు మీదే ఇచ్చారు. మామూలు స్టేప్లరు మధ్య మడతదాకా అందదు. దాన్ని పూర్తిగా విప్పి, కింద థర్మోకోల్ ముక్క పెట్టి రెండు పిన్నులు గుచ్చి, వెనక వైపు చెంచాతో వంచండి. పదునైన కొసలు లోపలి పేజీ వైపే ఉండాలి, చిన్నపిల్లల వేళ్లకు గీసుకోకుండా పైన చిన్న కాగితం పట్టీ అంటించండి.