అద్దంలా కనిపించే నైలాన్ దొరుకుతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టే) షెడ్డు. డీజిల్ ఫిల్టర్ కింద బిగించే గిన్నె ఆర్డర్ వచ్చింది, లోపల నీళ్లు చేరితే బయటికి కనిపించాలి, కింద పడినా పగలకూడదు. ఇంధనం తగిలి బీటలొస్తాయని పాలీకార్బొనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్ వద్దంటున్నారు. నైలాన్ 6 గట్టిదే కానీ మసగ్గా, పాలరంగులో వస్తోంది. ఏం చేయాలి అన్నలూ?

జవాబు 1: నైలాన్ 6, నైలాన్ 66 రకాల్లో అణువుల గొలుసులు చల్లారేటప్పుడు వరుసగా సర్దుకుని స్ఫటికాలు కడతాయి, అవి వెలుతురును చెదరగొడతాయి కాబట్టి మందం పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది. మోల్డ్ ఎంత చల్లబరిచినా మందం గోడలకు అది చాలదు తమ్ముడూ, గొలుసునే మార్చాలి. నైలాన్ తయారీకి వాడే ముడిసరుకుల్లో, పక్కకు మిథైల్ కొమ్మలున్న డైఅమీన్‌ను టెరెఫ్తాలిక్ ఆమ్లంతో కలిపితే గొలుసులు వరుసలో ఇమడవు, స్ఫటికాలు కట్టవు. ట్రోగమిడ్ టి అనే పారదర్శక నైలాన్ అలా చేసిందే. కళ్లజోడు ఫ్రేముల్లో వాడే గ్రిలమిడ్ టీఆర్ 90 కూడా పారదర్శక నైలానే.

జవాబు 2: దెబ్బ తట్టుకోవాలని మామూలు రబ్బరు మాత్రం కలపకండి. రబ్బరు, నైలాన్ వక్రీభవన గుణకాలు (వెలుతురును వంచే కొలత) కలవకపోతే మళ్లీ మసకే.

షెడ్డు: మా పాత మెషీన్‌లో నడుస్తుందా?

జవాబు 1: నడుస్తుంది, కానీ నైలాన్ గుళికలు బాగా ఆరబెట్టాలి, కృష్ణ ఒడ్డు వానాకాలం గాలిలో సంచి తెరిచి ఉంచితే తేమ పీల్చేస్తాయి. తడి గుళికలు కరిగితే గొలుసులు తెగుతాయి, వెండి చారలొస్తాయి, సరుకు పెళుసవుతుంది. ఇంకోటి, ఇలాంటి నైలాన్లలో కొన్నిటికి ఆల్కహాల్ పడదు. గిన్నెను స్పిరిట్‌తో తుడిచే అలవాటుంటే గ్రేడ్ ఎంచుకునే ముందే సప్లయర్‌ని అడగండి.