బెల్జియం ట్రిపెల్ (ఘాటైన ఒక రకం బీరు)లో పులుపు ఉండొచ్చా?

మాది విజయనగరం. మా బావ బెల్జియం నుంచి ఒక చిన్న బ్రూవరీ వాళ్ల ట్రిపెల్ రెండు సీసాలు తెచ్చాడు, 9 శాతం ఆల్కహాల్. నిన్న ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోసుకున్నాం. మొదటి గుక్కలో చేదు తప్ప ఏమీ తెలియలేదు. అరగంట ఆగాక మాత్రం బాగా ముగ్గిన చక్కరకేళి వాసన, వెనకే లవంగం ఘాటు! ఎంత బాగుందో. అవి ఈస్ట్ వల్ల వస్తాయని తెలుసు, వాటి గురించి టెన్షన్ లేదు. కానీ చివర్లో నాలుక పక్కల సన్నగా పులుపు తగిలింది. వైజాగ్ నుంచి ఎండలో కారు డిక్కీలో వచ్చింది, దానివల్లేనా? రెండో సీసా అడుగున మడ్డి కనిపిస్తోంది. దాన్ని కలిపి పోయాలా, వదిలేయాలా? 10 డిగ్రీల దగ్గర తాగితే సరిపోతుందా? తాగిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, బావ ఆదివారం వెళ్లిపోతాడు.