కత్తి స్టీల్ ఎంతకాలం పదును నిలుపుకుంటుందో ఇంట్లో నమ్మకంగా పరీక్షించడం ఎలా?

52100, డి2, ఎస్30వి స్టీల్‌తో చేసిన మూడు కత్తులు నా దగ్గరున్నాయి. వీటిలో ఏది ఎక్కువకాలం పదును నిలుపుకుంటుందో తేల్చాలని చూస్తున్నాను. మూడింటినీ ఒకే సానరాయి మీద, గైడ్ పెట్టి, ఒక్కో వైపు 15 డిగ్రీల కోణంలో సానబట్టాను. అట్టపెట్టెలు కోస్తూ, మధ్యమధ్యలో న్యూస్‌పేపర్ మీద పరీక్షిస్తున్నాను. కాగితం సాఫీగా తెగకుండా పీచులుగా చిరగడం మొదలైతే పదును పోయినట్టే లెక్క.

చిక్కేమిటంటే, ఒకసారి వచ్చిన ఫలితం మళ్లీ రావట్లేదు. అరుగుదలను తట్టుకునే గట్టి వనేడియం కార్బైడ్ రేణువులున్న ఎస్30వి ముందుండాలి కదా, ఒక్కోసారి 52100 దాన్ని దాటేస్తోంది. నాకు ఎక్కువ అనుమానం అట్ట మీదే, ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ గరుకుదనం మారిపోతుంది. కత్తుల పదును నిలకడను కొలిచే క్యాట్రా (CATRA) యంత్రంలో సిలికా కలిపిన ఒకే రకం కార్డు వాడతారు, ఒత్తిడి కూడా మారదు. చేత్తో కోస్తే ఆ నిలకడ ఎక్కడిది? పైగా సానబట్టాక అంచున మిగిలే సన్నటి రేకు ఒకటి. అది ఉంటే మొదట్లో బ్రహ్మాండంగా తెగుతుంది, కాసేపటికే మడతపడి కత్తి మొద్దుబారినట్టు అనిపిస్తుంది. తోలు మీద రుద్దాక కూడా అది పూర్తిగా పోయిందో లేదో ఎలా పట్టుకుంటారు?

అట్ట బదులు నార తాడును తూకం యంత్రం మీద పెట్టి, తెగడానికి పట్టిన బరువు రాసుకుంటే మేలా? మూడు కత్తుల గట్టిదనం (రాక్‌వెల్ కొలతలో), అంచు వెనక మందం వేరువేరుగా ఉన్నప్పుడు తేడా స్టీల్‌దే అని చెప్పొచ్చా? ఇలాంటి పరీక్షలు చేసినవాళ్లు మీ పద్ధతి కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.