నేరేడ్‌మెట్‌లో ఇల్లు కొంటే ఎంఎంటీఎస్‌ను నమ్ముకుని హైటెక్ సిటీకి వెళ్లిరావచ్చా?

ప్రశ్న: ఇల్లు వెతుకుతున్నవాడు

అందరికీ నమస్కారం. నా ఆఫీసు హైటెక్ సిటీలో ఉంది. అమ్మానాన్నలు సైనిక్‌పురిలో ఉంటారు కాబట్టి వారికి దగ్గరగా నేరేడ్‌మెట్ ప్రాంతంలో ఒక ఫ్లాట్ చూశాము. చూపించిన ఏజెంటు నన్ను బాల్కనీలోకి తీసుకెళ్లి, దూరంగా కనిపిస్తున్న రైలు మార్గపు కరెంటు తీగల వైపు వేలు చూపి, "అదే సార్ మీ ఆఫీసు దారి" అన్నాడు. ధరలో ఆ తీగల విలువ కూడా కలిసే ఉందని నా అనుమానం.

నేరేడ్‌మెట్ మీదుగా పోయే మౌలాలి–సనత్‌నగర్ మార్గం డబ్లింగ్ (రెండో లైను వేయడం), విద్యుదీకరణ పూర్తయి, 2024 మార్చి 5న హైటెక్ సిటీ మీదుగా వెళ్లే ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ లోకల్ రైలుకు ప్రధాని పచ్చజెండా ఊపారని తెలుసు. ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు స్టేషన్లకు కొత్త భవనాలు కూడా వచ్చాయి. ఇన్ని పనులు పూర్తయిన తరువాత కూడా ఈ మార్గంలో రైళ్లు తక్కువగానే ఎందుకున్నాయి? ముందు ముందు పెరుగుతాయన్న నమ్మకంతో ఇల్లు కొనడం తెలివైన పనేనా?

జవాబు 1: అమ్ముగూడ ప్రయాణికురాలు

నేను లింగంపల్లి వైపు ఉద్యోగానికి వెళ్తాను, వీలైన రోజుల్లో రైలులోనే వెళ్తాను. పొద్దున రైలు అందుకోవడం కష్టం కాదు, ఎందుకంటే మనం ఇంటి నుంచి బయలుదేరే సమయం మన చేతిలో ఉంటుంది. సాయంత్రం సంగతి అలా కాదు. మీటింగు పది నిమిషాలు ఎక్కువ సాగిందంటే చాలు, ఎక్కాల్సిన రైలు వెళ్లిపోతుంది, తరువాతి రైలు కోసం ఎదురుచూడటం కంటే బస్సు ఎక్కడమే నయం అనిపిస్తుంది. అందుకే తిరుగు రైళ్ల సమయాలున్న కాగితాన్ని ఫొటో తీసి ఫోన్ తెర మీద పెట్టుకున్నాను. మా అబ్బాయి ఫొటో ఉండాల్సిన చోట ఇప్పుడు లింగంపల్లి టైమ్ టేబుల్ ఉంది!

ఇంకొక మాట. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ స్టేషన్, మెట్రో హైటెక్ సిటీ స్టేషన్ వేర్వేరు చోట్ల ఉన్నాయి. పేరు ఒకటే కదా అనుకోకండి. రైలు దిగాక మీ ఆఫీసు గేటు దాకా ఎలా చేరతారో, షేర్ ఆటోకు ఎంతసేపు పడుతుందో స్వయంగా ఒకసారి చూసుకోండి.

జవాబు 2: రిటైరైన రైల్వే మనిషి

ప్రశ్న వేసినవారు పట్టాలను, రైళ్లను ఒకే లెక్కలో చూస్తున్నారు. ఈ పొరపాటు చాలామంది చేసేదే. నేను ఆపరేటింగ్ విభాగంలో పనిచేశాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను.

ఈ 22 కిలోమీటర్ల మార్గం మొదట ప్రయాణికుల కోసం పుట్టింది కాదు. కాజీపేట వైపు నుంచి వచ్చే గూడ్సు బండ్లు సికింద్రాబాద్ స్టేషన్‌లోకి రాకుండా కర్ణాటకలోని వాడి జంక్షన్ వైపు వెళ్లిపోవడానికి పనికొచ్చిన పక్కదారి ఇది. ఇప్పుడు రెండో లైను, విద్యుత్ తీగలు, ఆటోమేటిక్ సిగ్నలింగ్ వచ్చాయి. పాత పద్ధతిలో ఒక బండి ముందు స్టేషన్‌కు చేరితే తప్ప వెనుక బండిని వదలడం కుదరదు. ఆటోమేటిక్ సిగ్నళ్లుంటే ఒకదాని వెనుక ఒకటి కొద్ది దూరంలోనే నడపవచ్చు. అంటే ఈ 22 కిలోమీటర్లలో చోటుకు కొరత లేదు.

కొరత సనత్‌నగర్ దగ్గర మొదలవుతుంది. అక్కడ ఈ మార్గం సికింద్రాబాద్–వాడి ప్రధాన మార్గంలో కలుస్తుంది. అక్కడి నుంచి లింగంపల్లి దాకా ముంబై వైపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు, 2003 నుంచి నడుస్తున్న నాంపల్లి–లింగంపల్లి, సికింద్రాబాద్–లింగంపల్లి ఎంఎంటీఎస్‌లు అన్నీ ఆ పట్టాల మీదే నడవాలి. మీ రైలుకు ఆ వరుసలో ఒక ఖాళీ దొరకాలి; మేము దానిని పాత్ అంటాము. జంక్షన్‌లో ఒక బండి ఎదుటి లైనును దాటుకుని వెళ్తే, ఆ కాసేపు ఎదురు వచ్చే బండికి కూడా దారి మూసుకుపోతుంది. పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య కొత్త పాత్ వెతకడం ఎంత కష్టమో టైమ్ టేబుల్ చార్టు గీసినవాడికే తెలుస్తుంది.

రెండోది రేకుల లెక్క; రేకు అంటే పెట్టెలన్నీ కలిసిన ఒక పూర్తి రైలు. ఉదాహరణకు ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి వెళ్లి, అక్కడ కాసేపు ఆగి, తిరిగి వచ్చి మళ్లీ బయలుదేరడానికి మొత్తం మూడు గంటలు పడుతుందనుకుందాం. అరగంటకొక రైలు నడపాలంటే ఆరు రేకులు కావాలి, మౌలాలి కార్‌షెడ్‌లో మరమ్మతుకు ఉండేవి అదనం. ఒక్కొక్క దానికి డ్రైవర్లు, గార్డులు కూడా ఉండాలి. స్టేషన్ కట్టడానికి డబ్బు ఒకసారి ఖర్చవుతుంది, రైలు నడపడానికి రోజూ ఖర్చవుతుంది. ఈ మార్గం కూడా భాగమైన ఎంఎంటీఎస్ రెండో దశ నిర్మాణంలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలని ఒప్పందం ఉంది. అది నిర్మాణ ఖర్చు పంపకం మాత్రమే. కనిష్ఠ టికెట్టు ఐదు రూపాయలున్న సర్వీసు రోజువారీ ఖర్చు మీద కూడా అంత శ్రద్ధతో చర్చ జరగాలని నేను అంటాను.

మేడ్చల్, ఉందానగర్ వైపు చూసినా ఇదే తీరు కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ 8న 13 కొత్త సర్వీసులు ప్రారంభించారు. అది మంచిదే, కానీ ఇంటి ముందు నుంచి రోజుకు కొన్ని రైళ్లు వెళ్లడం, గడియారం చూడకుండా స్టేషన్‌కు వెళ్లగలగడం ఒకటి కావు.

జవాబు 3: సన్నీవేల్ నుంచి

పైన పెద్దాయన చెప్పినది అక్షరాలా నిజం. ఇక్కడ కాలిఫోర్నియాలో మా అనుభవం పోలికకు పనికొస్తుందేమో చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో–శాన్‌హోసే మధ్య నడిచే కాల్‌ట్రెయిన్‌కు 2017లో విద్యుదీకరణ పనులు మొదలయ్యాయి. మధ్యలో వారాంతాల్లో కొంత మేర రైళ్లు ఆపి, బదులుగా బస్సులు నడిపారు. ఖర్చు సుమారు 244 కోట్ల డాలర్లకు చేరింది. మేమంతా విసుక్కున్నాము.

అయితే 2024 సెప్టెంబరు 21న విద్యుత్ రైళ్లు పూర్తిగా మొదలైన రోజునే కొత్త టైమ్ టేబుల్ కూడా వచ్చింది. శనివారం, ఆదివారం గంటకొకటి వచ్చే రైలు అరగంటకొకటి అయింది. డీజిల్ ఇంజిను లాగే రైలు కంటే విద్యుత్ రైలు త్వరగా వేగం అందుకుంటుంది కాబట్టి, ఆగిన ప్రతి స్టేషన్‌లోనూ కొంత సమయం మిగిలి, అన్ని చోట్లా ఆగే రైలు కూడా ఇదివరకటి కంటే ముందే చేరుతోంది. ఇక్కడ పగటిపూట ఆ పట్టాల మీద ప్రయాణికుల రైళ్లదే పెత్తనం కనుక ఇది సాధ్యమైంది. సనత్‌నగర్‌లో ఆ వెసులుబాటు లేదు. శాన్‌హోసే దాటాక గిల్‌రాయ్ వైపు మాత్రం మాకూ ఇంకా డీజిల్ బండ్లే, అవీ కొన్నే. అక్కడ ఇల్లు కొన్న మిత్రులు కారులోనే తిరుగుతున్నారు.

జవాబు 4: తార్నాక వాసి

నేరుగా వెళ్లే రైలు తప్పిపోయిన రోజున నేరేడ్‌మెట్ నుంచి బస్సులో సికింద్రాబాద్ వచ్చి లింగంపల్లి ఎంఎంటీఎస్ పట్టుకోవచ్చు. అక్కడ స్టేషన్ పునర్నిర్మాణం కోసం కొన్ని ప్లాట్‌ఫారాలు మూసి, కొన్ని దూరప్రాంత రైళ్లను చర్లపల్లికి మళ్లించారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. కాబట్టి బయలుదేరే ముందు మీ బండి ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో చూసుకోండి.

ప్రశ్న వేసినవాడు

అందరికీ కృతజ్ఞతలు. కొత్త టైమ్ టేబుల్‌లో ఈ మార్గానికి రైళ్లు పెరిగాయా లేదా చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాము. ఈలోగా అదే వీధిలో ఒక వాటా అద్దెకు దొరికింది, పదకొండు నెలల ఒప్పందం. అమ్ముగూడ ప్రయాణికురాలు గారూ, ఆ సాయంత్రం రైళ్ల కాగితం ఫొటో ఇక్కడ పెట్టగలరా?