ఎడిసన్ స్టాండర్డ్ ఫోనోగ్రాఫ్: ఇది మోడల్ బీ యా, డీ యా?

నమస్కారమండీ. పోయిన గురువారం హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తుక్కు ఇనుము కుప్ప పక్కన ఎడిసన్ స్టాండర్డ్ ఫోనోగ్రాఫ్ (సిలిండర్ రికార్డులు వినిపించే పాత యంత్రం) దొరికింది. ఓక్ పెట్టె బాగానే ఉంది. తోలు బెల్టు మాత్రం ముట్టుకోగానే పొడిపొడి అయింది. పేరు పలకపై మోడల్ అక్షరం ఉండవలసిన చోట ఏ మహానుభావుడో మేకు దిగగొట్టాడు.

రెండు, నాలుగు నిమిషాల సిలిండర్లకు గేరు మార్చే ఏర్పాటు ఉంది. 1908 నాటి మోడల్ డీ అనుకుని సంబరపడ్డాను. కానీ ఆ గేర్లను మోడల్ బీ లాంటి పాత, రెండు నిమిషాల యంత్రాల కోసం విడిగా కూడా అమ్మేవారు కదా! పైగా దీని రిప్రొడ్యూసర్‌పై (సూది ఉండి శబ్దం వినిపించే భాగం) ‘సీ’ అని చెక్కి ఉంది. అది రెండు నిమిషాల సిలిండర్లకే. నా దగ్గరున్న రెండు సిలిండర్లూ నీలి ఆంబరాల్‌లు, అంటే అంగుళానికి 200 గాడులుండే నాలుగు నిమిషాలవి. ఈ సూదిని వాటిపై దించే ధైర్యం లేదు.

గేర్లు కర్మాగారంలోనే బిగించారా, తర్వాత తగిలించారా? దేన్ని చూసి పోల్చుకోవాలి? నాలుగు నిమిషాల సిలిండర్లకు పనికొచ్చే ‘హెచ్’ రిప్రొడ్యూసర్ ఎవరైనా ఇస్తారా? బదులుగా ‘సీ’ ఇవ్వగలను. ఒక వ్యాపారి మొత్తం యంత్రానికి ఇత్తడి కొమ్ము గ్రామఫోను ఇస్తానంటున్నాడు. ఆ కొమ్ము మెరుపు చూస్తే నిన్నగాక మొన్న చేసినట్టుంది.